ఎర్ర లేబుల్, నీలం లేబుల్

రికార్డులు తయారుచేసే ఆ ఫ్యాక్టరీలో ఆమెను అందరూ చెవిటమ్మ అనేవారు. నిజానికి ఆ నాలుగు గోడల మధ్య అంత చురుకైన చెవులు ఇంకెవరికీ లేవు. కానీ పొద్దున ఎనిమిదింటికి హెడ్‌ఫోన్లు తగిలించుకుని అద్దాల గదిలో కూర్చుందంటే పక్కన పిడుగు పడ్డా పలికేది కాదు. టీ తెచ్చినవాళ్ళు నాలుగుసార్లు పిలిచి, విసుగొచ్చి, గ్లాసు బల్లమీద పెట్టి పోయేవాళ్ళు. ఎవరో సరదాకి అన్న మాట తొమ్మిదేళ్ళలో అసలు పేరును మింగేసింది. హాజరుపట్టీలో తన పేరు వెతుక్కునేటప్పుడు ఒక్కోసారి ఆమే తడబడేది.

ఆమె పని వినడం. ప్రెస్సులోంచి దిగిన ప్రతి వంద రికార్డుల్లో ఒకటి ఆమె దగ్గరికి వచ్చేది, ఇంకా గోరువెచ్చగా. దాన్ని రెండు అరచేతుల మధ్య అంచులు మాత్రమే తగిలేలా పట్టుకుని, దీపం కింద వాలుగా తిప్పి చూసి, ముల్లు దించి, మొదటినుంచి చివరిదాకా వినాలి. ఎక్కడ టక్‌మన్నా, ఎక్కడ సర్‌మన్నా ఏ నిమిషం ఏ సెకనో రిజిస్టర్లో రాయాలి. నిమిషానికి ముప్పైమూడుసార్లు ఒకే చప్పుడు వచ్చిందంటే అది గీత. ఒక్కసారి వచ్చి పోతే దుమ్ము. ఉప్పు వేయిస్తున్నట్టు సన్నగా సాగిందంటే కరిగిన ప్లాస్టిక్ ముద్ద గాడిలోకి పూర్తిగా దిగలేదన్నమాట. జోలపాటైనా గోలపాటైనా ఆమెకు ఒకటే. దాని వెనక నక్కిన చప్పుడు దొరికిందా లేదా అన్నదే చూసేది. బియ్యంలో రాళ్ళేరేవాళ్ళు బియ్యాన్ని ఎక్కడ చూస్తారు?

ఆ సోమవారం రెండు కొత్త రికార్డులు ప్రెస్సు ఎక్కాయి. కొత్తవంటే ప్రెస్సుకు కొత్త. వాయింపు మాత్రం యాభై ఏళ్ళ నాటిది. ఎప్పుడో మూతపడ్డ ఒక స్టూడియో అటక మీద రెండు టేపు డబ్బాలు దొరికాయి. పక్కపక్క గదుల్లో సాధన చేసిన రెండు బృందాలవి. ఏ డబ్బా ఎవరిదో రాసిన కాగితాన్ని మాత్రం చెదలు తినేశాయి. పాత సంగీతం గురించి అట్టల మీద వ్యాసాలు రాసే ఒకాయన, ఫ్యాక్టరీలో అందరూ పండితుడనే ఆయన, టేపులు విని ఇది వీళ్ళది, అది వాళ్ళది అని తేల్చాడు. ఒక బృందానికి ఎర్ర లేబుళ్ళు, ఇంకో బృందానికి నీలం లేబుళ్ళు అచ్చయ్యాయి. లేబుల్ మీద బృందం పేరు, కింద వాయించినవాళ్ళ పెట్టుడు పేర్లు సన్నటి అక్షరాల్లో ఉన్నాయి. రెండింటిలోనూ మాటలు లేవు. గిటారు, ఆర్గన్, డ్రమ్ములు అంతే. రెండూ ఇరవై నిమిషాల పైచిలుకే.

ఎర్ర అట్ట మీద పండితుడు ఇలా రాశాడు: ‘ఇది సైకెడెలిక్ సంగీతం. దీనికి చేరాల్సిన చోటంటూ లేదు. వినేవాడి మనసును కట్టు విప్పి వదలడమే దీని పని. తర్వాత ఏం వస్తుందో వాయించేవాళ్ళకే తెలియదు.’ నీలం అట్ట మీద: ‘ఇది ప్రోగ్రెసివ్ రాక్. ప్రతి మలుపూ ముందే రాసుకుని, నెలల తరబడి సాధన చేసి వాయించినది. మొదట్లో వినిపించిన చిన్న బాణీ రూపాలు మార్చుకుంటూ, పెరిగి పెద్దదై తిరిగొస్తుంది.’ ఆమె రెండూ చదివి, పక్కన పెట్టి, ముందు ఎర్ర లేబుల్ది అందుకుంది.

మొదట అంతా వింతే. వెనక్కి తిప్పిన టేపు చప్పుళ్ళు, నూతిలోంచి వచ్చినట్టు గిటారు, దాని నీడలా మళ్ళీ అదే గిటారు. మూడు నిమిషాలు అలా సాగి డ్రమ్ములు అందుకున్నాయి. దుమ్ము లేదు, గీత లేదు. బాగుందని రాసింది. రెండోసారి వింటున్నప్పుడు ఆమె పాదం తనంతట తను నేల మీద కొట్టడం మొదలుపెట్టింది. మూడోసారి పాదం కొడుతున్నదేమిటో లెక్కపెట్టింది. ఏడు. నాలుగు కాదు, ఎనిమిది కాదు, ఏడేసి దెబ్బలు. పదకొండు నిమిషాల నలభైకి అంతా ఒక్కసారి ఆగి, ఆ మౌనంలోంచి ఆర్గన్ మీద ఒక చిన్న బాణీ లేస్తుంది. అది ఎక్కడిదో కాదు, మొదట్లో ఆ వింత చప్పుళ్ళ అడుగున గిటారు గొణిగినదే. ఐదోసారికి ఆమెకు ప్రతి మలుపూ ముందే తెలిసిపోతోంది.

నీలం లేబుల్ది అలా కాదు. ప్రార్థనకు కూర్చున్నట్టు గంభీరంగా ఆర్గన్‌తో మొదలైంది. ఒక్కో స్వరాన్నీ జాగ్రత్తగా పేర్చినట్టు రెండు నిమిషాలు నడిచింది. ఆ తర్వాత ఏమైందో ఆమెకే తెలియదు. ముల్లు చివరి గాడిలో తిరుగుతుండగా చూసుకుంటే పెన్సిలు కాగితం మీద పెట్టిన చోటే ఉంది. కిటికీలోంచి బల్ల అంచున పడ్డ ఎండ జానెడు జరిగి చేతిమీదికి వచ్చింది. నిద్రపోలేదు. కళ్ళు తెరిచే ఉన్నాయి. చెవులైతే ఇంకా తెరుచుకుని ఉన్నాయి. అయినా ఎక్కడికో పోయి వచ్చినట్టుంది. సిగ్గుపడి మళ్ళీ మొదటినుంచి పెట్టింది. ఈసారి గడియారం చూస్తూ వింది. ఆరో నిమిషం దాకా చూసింది. డ్రమ్ములు చినుకుల్లా ఒకసారి దగ్గరగా, ఒకసారి దూరంగా పడుతున్నాయి. లెక్కకు అందినట్టే అంది జారిపోతున్నాయి. గిటారు ఒకే స్వరాన్ని పట్టుకుని, దాన్ని వెలుతురుకు పట్టి అటూ ఇటూ తిప్పి చూస్తోంది. గడియారం ముల్లు కదులుతున్నది కనిపిస్తూనే ఉంది. అది చెప్పేది మాత్రం ఆమెకు చేరడం లేదు.

తొమ్మిదోసారి విన్నాక ఆమె అట్టలు రెండూ ముందు పెట్టుకుని మళ్ళీ చదివింది. పండితుడు రాసింది అక్షరాలా నిజం. కాకపోతే ఎర్ర అట్ట మీద రాసిన మాట నీలం లేబుల్ రికార్డులో ఉంది. నీలం అట్ట మీది మాట ఎర్ర లేబుల్లో ఉంది. వింత చప్పుళ్ళతో మొదలైంది కాబట్టి అది సైకెడెలిక్ అనుకున్నాడు. పెద్దమనిషిలా ఆర్గన్‌తో మొదలైంది కాబట్టి ఇది ప్రోగ్రెసివ్ అనుకున్నాడు. చొక్కాలు చూసి మనుషుల్ని పోల్చుకున్నాడు, నడక చూడలేదు.

సాయంత్రం ఇంటికి వెళ్ళేసరికి భర్త వాకిట్లో కాళ్ళకు అంటిన సిమెంటు కడుక్కుంటున్నాడు. ఆయన తాపీమేస్త్రీ. ఆమె చెప్పిందంతా విని, చెంబు బోర్లించాడు.

"రెండూ రాక్ సంగీతమే అంటున్నావు. రెండూ గోలేగా. అందులో తేడా ఏంటి?"

"మీరు మెట్లు కడతారు చూడండి. మొదటి మెట్టు వేసేటప్పటికే చివరి మెట్టు ఎక్కడికి రావాలో మీకు తెలుసు. మధ్యలో ఎన్ని మలుపులైనా తిప్పండి, మేడ మీదికి చేర్చి తీరతారు. ఒకటి అలాంటిది."

"రెండోది?"

"పనయ్యాక నీళ్ళతొట్టి గట్టు మీద కూర్చుంటారుగా మీరు, కాళ్ళు వేలాడేసుకుని? ఎక్కడికీ పోరు. అయినా పిలిస్తే పలకరు. ఏం ఆలోచిస్తున్నారంటే చెప్పలేరు. అది రెండోది."

"అయితే నేను రెండో రకం అన్నమాట."

"పొద్దున మొదటి రకం. సాయంత్రం రెండో రకం."

ఆయన నవ్వాడు. నవ్వి, తువ్వాలుతో కాళ్ళు తుడుచుకుంటూ అన్నాడు: "నీకెందుకే ఈ గొడవ? దుమ్ము లేదని రాసెయ్. లేబుల్ ఎవడో తప్పేస్తే వాడి ఖర్మ."

"కింద సంతకం నాదండీ."

ఆయన తువ్వాలు దులిపి దండెం మీద ఆరేశాడు. తను కట్టిన గోడకి ఇంకొకడు వంకర గచ్చు పూస్తే రాత్రి అన్నం సయించని మనిషి ఆయన.

మంగళవారం పొద్దున్నే ఆమె ఆపు చీటీ రాసి ప్రెస్సు దగ్గరికి నడిచింది. అద్దాల గదినుంచి ఆపు చీటీ వస్తే ప్రెస్సు ఆగాలి, అది అక్కడి నియమం. ప్రెస్సు నడిపే పెద్దాయన్ని ఆమె బాబాయ్ అనేది. ఆయన కింద ఒక లేబుల్, మీద ఒక లేబుల్, మధ్యలో ఉడికిన నల్లటి ముద్ద పెట్టి మూత దించబోతున్నాడు. చీటీ చదివి, కళ్ళజోడు పైకెత్తి మళ్ళీ చదివాడు.

"లేబుళ్ళు తారుమారా? అచ్చు పళ్ళేలు నా చేత్తో నేను బిగించానమ్మాయ్. నెంబర్లు సరిగ్గానే ఉన్నాయి."

"నెంబర్లు సరే బాబాయ్. నెంబర్లు వేసినాయన దగ్గరే తేడా."

ఆయన బుర్ర గోక్కున్నాడు. అక్కడ లేబుల్‌ని అంటించరు. రికార్డుతోపాటే ఉడికి అందులో కలిసిపోతుంది. తర్వాత పీకి మార్చడం కుదరదు. "సరే, నీ మాట మీద ఆపుతున్నా" అని మీట కిందికి లాగాడు. ఆవిరి బుస్సుమని, ఫ్యాక్టరీ అంతా ఒక్కసారిగా బోసిపోయింది.

ఆ నిశ్శబ్దమే మేనేజరును పరిగెత్తించుకొచ్చింది. చీటీ తీసుకుని అక్కడే పండితుడికి ఫోన్ చేశాడు. అవతల నవ్వు ఆమెకు కూడా వినిపించింది. మేనేజరు ఫోన్ జేబులో పెట్టుకుని, గొంతు పెంచకుండానే మాట్లాడాడు.

"ఆయన ముప్పై ఏళ్ళనుంచి ఇదే పని మీద ఉన్నాడు. నువ్వు ఆయన తప్పంటున్నావు."

"నేను ఆయన్ననడం లేదు సార్. ఆయన రాసిందే నిజం. రికార్డు మీద..."

"నీ పని దుమ్ము వినడం. పాట వినడం కాదు."

ఆ మాట అందరి ముందూ అన్నాడు. బాబాయి గుడ్డతో మీటను తుడిచిందే తుడుస్తున్నాడు. "తొమ్మిదేళ్ళు వరసగా విన్నావు, చెవులు అలిసిపోయుంటాయి. కొన్నాళ్ళు అట్టల దగ్గర కూర్చో, నీ కుర్చీలో నేను కూర్చుంటాను" అని మేనేజరు ఆమె చేతిలోంచి హెడ్‌ఫోన్లు తీసుకున్నాడు. కోపంగా లాక్కుంటే బాగుండేది. రోగి చేతిలోంచి గ్లాసు అందుకున్నట్టు మెల్లగా తీసుకున్నాడు. వెనక ప్రెస్సు మళ్ళీ మొదలైంది.

అట్టల బల్ల గోదాము వసారాలో ఉండేది. పల్చటి కాగితం సంచీలోకి రికార్డు, సంచీని అట్టలోకి, అట్టను పెట్టెలోకి. చేతులు ఆ పని ఇట్టే నేర్చుకున్నాయి. కష్టమల్లా చెవులకే. తొమ్మిదేళ్ళుగా మూతపడి ఉన్న లోకం ఒక్కసారి మీదపడింది. టేపు చింపే చప్పుడు, చెప్పుల చప్పుడు, ఎవరో దగ్గడం. ఆమె ఎర్ర లేబుల్‌ని ఎర్ర అట్టలోకి, నీలం లేబుల్‌ని నీలం అట్టలోకి తోస్తూ కూర్చుంది. ఎవరి ఒంట్లోకో ఇంకెవరి ప్రాణాన్నో తోస్తున్నట్టుంది. మధ్యాహ్నం ఎండలో వసారా ముందున్న తారు మెరుస్తూ, అలలుగా కదులుతూ కనిపించింది. నీలం రికార్డులోని చినుకుల డ్రమ్ములు ఎక్కడో లోపల మొదలయ్యాయి. చేతులు పని చేసుకుంటూ పోయాయి. సాయంత్రం గంట కొట్టేదాకా ఆమె అక్కడ లేదు.

బుధవారం పదకొండింటికి పండితుడు వచ్చాడు. వెంట ఒక ముసలాయన ఉన్నాడు. ఎముకల గూడులాంటి మనిషి, మణికట్లు మాత్రం లావు. నీలం లేబుల్ బృందంలో డ్రమ్ములు వాయించినది ఈయనేననీ, ఆ బృందంలో మిగిలింది ఈయనొక్కడేననీ పండితుడు వసారా పొడుగునా చెప్పుకుంటూ నడిచాడు. ముసలాయనను అద్దాల గదిలో ఆమె కుర్చీలో కూర్చోబెట్టి, పెద్ద స్పీకరు పెట్టి నీలం రికార్డు వేశారు. తలుపు తీసే ఉంది. అట్టల బల్ల దగ్గర్నుంచి ఆయన పక్కమొహం కనిపిస్తోంది.

ఆయన కళ్ళు మూసుకున్నాడు. చేతులు ఒళ్ళో వెల్లకిలా పడున్నాయి, నిద్రపోయే పిల్లల చేతుల్లా. ఇరవై నిమిషాలూ ఒక్క వేలు కదల్లేదు. అయిపోయాక పండితుడు వంగి, "గుర్తొచ్చిందా సార్?" అన్నాడు.

"మాదే" అన్నాడు ముసలాయన.

మేనేజరు అట్టల బల్ల వైపు చూశాడు. ఆ చూపులో కోపం లేదు. విన్నావుగా అన్నట్టుంది, అంతే. ఆమె తల దించుకుని ఇంకో అట్ట అందుకుంది. నిజంగానే అలిసిపోయాయేమో చెవులు.

తర్వాత మేనేజరూ పండితుడూ ఎర్ర రికార్డు కూడా వేసి చూసుకుందామని లోపలే ఉండిపోయారు. ముసలాయన గాలికోసం బయటికొచ్చి వసారా బెంచీ మీద కూర్చున్నాడు. ఎవరో టీ ఇచ్చారు. తలుపులోంచి వెనక్కి తిప్పిన చప్పుళ్ళు వినపడ్డాయి, తర్వాత నూతిలో గిటారు. డ్రమ్ములు అందుకునే సమయానికి ముసలాయన ఎడంచేతి వేళ్ళు బెంచీ చెక్క మీద కదిలాయి. ఆమె చేతిలో అట్ట అలాగే ఆగిపోయింది. ఒకటి, రెండు, మూడు... ఏడు. మళ్ళీ ఏడు. ఆయన ఎటో చూస్తున్నాడు, చెయ్యి మాత్రం తన పని తను చేసుకుపోతోంది. మలుపు రాబోతుంటే మణికట్టు ముందే లేస్తోంది. పదకొండో నిమిషం దాటింది. నలభయ్యో సెకనుకి సంగీతం ఆగింది. దానికి ఒక దెబ్బ ముందే ఆ చెయ్యి గాల్లో నిలబడిపోయింది.

ఆమె లేచి వెళ్ళింది. "తాతగారూ, టీ చల్లారిపోతోంది."

"ఆఁ... తాగుతానమ్మా."

"ఏడేసి కొడుతున్నారు."

చెయ్యి చటుక్కున ముడుచుకుంది. ఆయన ఆమెను మొదటిసారి సరిగా చూశాడు. "నువ్వెవరు?"

"ఆ కుర్చీలో కూర్చుని వినే మనిషిని. నిన్న పొద్దుటిదాకా."

లోపల ఆర్గన్ మీద ఆ చిన్న బాణీ లేచింది. ముసలాయన దానివైపు తల వంచి, "ఇది కుదరడానికి నాలుగు నెలలు పట్టింది" అన్నాడు నెమ్మదిగా. "గోడ మీద సుద్దతో లెక్కలు రాసుకునేవాళ్ళం. ఒక్క దెబ్బ తప్పితే మళ్ళీ మొదటికి. పక్కగదిలో వాళ్ళకి గోడల మీద ఏమీ ఉండేది కాదు. సాయంత్రమైతే దీపం కూడా వేసుకునేవాళ్ళు కాదు. అలా చీకటి పడుతుంటే వాయించుకుంటూ ఉండేవాళ్ళు. ఇవాళ వాయించింది రేపు రాదు, వాళ్ళకే రాదు."

"మీకు తెలుసన్నమాట. ఇందాక విన్నది మీది కాదని."

"మొదటి చినుక్కే తెలిసింది." టీ గ్లాసును పక్కకు జరిపాడు. "పక్కగదిలో డ్రమ్ములు మా తమ్ముడివి. నా దగ్గరే నేర్చుకున్నాడు. నేర్చుకుని, లెక్క నాకొద్దన్నయ్యా అని గోడ అవతలికి పోయాడు. నువ్వు వాయించేది వాయింపే కాదు, నీళ్ళు చల్లడం అన్నాను. చాలా ఏళ్ళు అదే అన్నాను. కానీ మావాళ్ళు ఇళ్ళకు పోయాక గోడకి చెవి ఆనించి నిలబడేవాణ్ణి. ఎప్పుడైనా ఒక్కరోజు, ఒకే ఒక్కరోజు అలా వాయించగలిగితే..."

అరచేత్తో బెంచీ చెక్కను ఒకసారి నిమిరి అన్నాడు:

"అట్ట మీద నా పేరుంది. లోపల వాడి వాయింపుంది. ఎవరో అడిగారు, మాదే అన్నాను. ఒకే ఇంటివాళ్ళమేగా, అబద్ధమేముంది?"

"ఆయన్నడిగారా?"

"పోయాడమ్మా. నాలుగేళ్ళైంది. వాళ్ళ గదిలోవాళ్ళు ఎవరూ లేరిప్పుడు. నువ్వూ నేనూ నోరు మూసుకుంటే ఎవరికీ తెలీదు."

ఆమె బల్ల మీద పేర్చిన అట్టలవైపు చూసింది. "నేను మూసుకోవడానికి లేదు తాతగారూ. నిన్ననే ఆపు చీటీ మీద రాసి సంతకం పెట్టేశాను. ఎవరూ నమ్మలేదు, అంతే. రాసింది చెరపను." ఆగి, గొంతు తగ్గించి అంది: "మీకు కావాలనిపించడంలో తప్పేం లేదు. ఇరవై నిమిషాలు నేను కూడా ఎక్కడికో పోయాను. కానీ ఆయన పేరు కింద మీ సుద్ద లెక్కలు ఉండిపోతాయి. లెక్క వద్దని పోయిన మనిషాయె."

ముసలాయన మొహంలో ఏదో కదిలింది. మొదట కోపమనుకుంది. కాదు, నవ్వు. భుజాలు కదిలేలా, చప్పుడు లేకుండా నవ్వాడు. నవ్వుతూనే కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో తుడిచాడు. చాలాసేపు తుడిచాడు. తర్వాత బెంచీ పట్టుకుని లేచి అద్దాల గదిలోకి నడిచాడు.

"ఆపండి" అన్నాడు గుమ్మంలో నిలబడి. "ఇది మాది. ఇందాకటిది మా తమ్ముడిది."

పండితుడి మొహం పాలిపోయింది. "మీరే మాదే అన్నారు కదా సార్?"

"మా ఇంటిది అన్నాను."

రికార్డు తిరుగుతూనే ఉంది. ముసలాయన బల్ల ముందు కూర్చుని, రెండు పెన్సిళ్ళు తీసుకుని, వస్తున్న ప్రతి మలుపుకూ ఒక దెబ్బ ముందుగా చెయ్యెత్తి చూపించాడు. చివరి ఐదు నిమిషాలూ తప్పకుండా చూపించాడు. చూపించడానికి ఇంకేమీ మిగల్లేదు.

పండితుడు చెడ్డవాడు కాదు. బయటికొచ్చి అట్టల బల్ల దగ్గర నిలబడ్డాడు. "ఎన్నిసార్లు విన్నావమ్మా?"

"ఒక్కోటి తొమ్మిదిసార్లు."

"నేను ఒక్కసారి విన్నాను. అదికూడా..." మిగతా మాట మింగేసి, "మొదటి మూడు నిమిషాలు వినగానే తెలిసిపోయిందనుకున్నాను" అన్నాడు. ఒక అట్ట తీసుకుని తను రాసిన వాక్యాలు తనే చదువుకున్నాడు, ఇంకెవరో రాసినట్టుగా.

మేనేజరు క్షమించమని అనలేదు. అలాంటి మాటలు ఆయనకు రావు. హెడ్‌ఫోన్లు తెచ్చి, చెవుల దగ్గరి మెత్తలను రుమాలుతో తుడిచి, ఆమె ముందు అట్టల కుప్ప మీద పెట్టాడు. "ఆ కుర్చీ ఎత్తు నాకు సరిపోవడం లేదు" అని, ప్రెస్సు వైపు వెళ్ళి తనే మీట లాగి దాన్ని ఆపాడు. రెండు రోజుల పనంతా మళ్ళీ పొడి కొట్టాలని బాబాయి నెత్తీనోరూ బాదుకుంటూనే, లేబుళ్ళ కట్టలు అటుది ఇటు మార్చాడు. నీలం రికార్డును అచ్చుపోసే పళ్ళేల మధ్య మొదటిసారి ఎర్ర లేబుల్ పడింది. మూత దిగింది. ఆవిరి, తర్వాత చన్నీళ్ళు, తర్వాత అంచు కోత.

ఆ మొదటి రికార్డును ముసలాయనే అడిగి తీసుకున్నాడు. అట్ట ఇస్తామంటే అక్కర్లేదన్నాడు. కాగితం సంచీలోనే పెట్టుకుని బయల్దేరాడు. ఇంకో గంటకు ఆయన సొంత రికార్డు కూడా నీలం లేబుల్‌తో దిగింది. ఆయన దాన్ని మరిచిపోయి వెళ్ళాడని ఆమె అది పట్టుకుని గేటు దాకా పరిగెత్తింది. ఆయన ఎదురుగా బస్‌స్టాపులో ఇంకా నిలబడే ఉన్నాడు.

"తాతగారూ, మీది వదిలేశారు!"

ఆయన రోడ్డు అవతలినుంచే చెయ్యి ఊపాడు. "నువ్వుంచుకోమ్మా. అది నాకొచ్చు. ఏ దెబ్బ తర్వాత ఏ దెబ్బో నిద్రలో లేపి అడిగినా చెప్తాను." చేతిలో ఉన్నదాన్ని కాస్త పైకెత్తాడు. "ఇది ఎన్నిసార్లు విన్నా నాకు రాదు. అందుకే కావాలి."

బస్సు వచ్చింది. తలుపు తెరుచుకుంది. ఆయన రికార్డును సంచీలోంచి సగం బయటికి లాగి, ఎండకు వాలుగా పట్టి, ఎర్ర లేబుల్ మీది సన్నటి అక్షరాల్లో ఒక పేరు కింద బొటనవేలు పెట్టి చూస్తున్నాడు. డ్రైవరు ఒకసారి హారన్ కొట్టి, కాసేపు ఆగి, తలుపు వేసుకుని వెళ్ళిపోయాడు. ముసలాయన తలెత్తలేదు. తర్వాతి బస్సు ఇప్పట్లో లేదు. ఆ మాట చెబుదామని ఆమె రోడ్డు మీదికి ఒక అడుగు వేసింది. వేసి, మళ్ళీ గేటు దగ్గరికే వచ్చి నిలబడింది.